నీలం మూత

ఆ పూట ఇంట్లో ఉన్నది అయిదుగురు. వంటగదిలో అమ్మ, వీధి గుమ్మం మెట్టు మీద చెప్పులు వేసుకుని మరీ ఎక్కడికీ వెళ్ళకుండా కూర్చున్న నాన్న, హాల్లో కిటికీ పక్క మంచం మీద నాయనమ్మ, మంచానికి ఎదురుగా చక్రాల కుర్చీలో తమ్ముడు, గోడకు వీపు ఆనించి నేల మీద నత్త. నత్త అన్నది అక్కకి తమ్ముడు పెట్టిన పేరు. కొత్తవాళ్ళెవరైనా వస్తే తల లోపలికి లాక్కుని, వాళ్ళు వెళ్ళిపోయాక గాని బయటికి రాదని. మొదట వాడొక్కడే అనేవాడు, పోనుపోను అందరికీ అదే నోటికి పట్టేసింది. పై వాటాలో దర్జీ కూడా ఉన్నాడు గాని ఆయన్ని ఇంటి మనిషి అనలేం. ఆయన కుట్టు మిషను చప్పుడు మాత్రం పొద్దుటినుంచీ ఇంటి మనిషిలాగే గదిగదికీ తిరుగుతోంది. ఇల్లు అత్తది. ఆ అత్తే ఇంట్లో లేదు. ఇందాక ల్యాబ్ నుంచి ఫోన్ చేసి, "మధ్యాహ్నమే వచ్చేస్తున్నాను, ఎవరూ ఎక్కడికీ వెళ్ళకండి" అంది. "ఏమైందక్కా" అని నాన్న అడిగేలోపే పెట్టేసింది.

మధ్యాహ్నమే ఎందుకు. వీధి దీపాలు వెలిగాక గాని గుమ్మం తొక్కని మనిషి, ల్యాబ్‌లో వెచ్చని పెట్టెలో పెరిగే కణాలే నా పిల్లలు, పిల్లలకి సెలవులుంటాయేమో గాని తల్లికి ఉండవు అని నవ్వే మనిషి, వాటిని వదిలేసి ఎండలో ఎందుకు వస్తోంది. మంచి కబురైతే ఫోన్లో చెప్పేయొచ్చు కదా. చెడ్డదైతే ఫోన్లో చెప్పకూడదు కదా. కాదు కాదు, మంచిదైనా ఎదురుగా చెప్పాలనిపిస్తుంది మనిషికి, చెప్పినప్పుడు అవతలివాళ్ళ మొహం చూడాలనిపిస్తుంది. నాయనమ్మ ఒకసారి అంది, మీ అత్త మిట్టమధ్యాహ్నం ఇల్లు చేరింది నా ఎరుకలో రెండు మాట్లే, తాతయ్య పోయినప్పుడొకటి, పెద్ద ఉద్యోగం ఇచ్చినప్పుడొకటి అని. ఫోన్ వచ్చినప్పుడు నత్త నాన్న పక్కనే నిలబడి ఉంది, అత్త గొంతు తనకీ వినబడింది. ఆ గొంతులో ఏముందో ఇప్పుడు గుర్తు చేసుకుందామంటే, ఎంతసేపు చప్పరించినా రుచి తేలని గింజలా నోట్లోనే ఉండిపోతోంది. వెనక ఏదో యంత్రం హోరు. ఒక ఊపిరి. 'ఎవరూ' అన్న మాట దగ్గర కాస్త ఆగింది. అవును, ఆగింది. ఆగలేదేమో. పైన మిషను ఒక కుట్టు పొడుగునా ఉరికి ఠక్కున నిలబడింది, దానితోపాటే నత్త ఊపిరీ నిలబడింది, మళ్ళీ మిషను కదిలాక గాని కదల్లేదు.

"ఏమే, అలా గోడకి అతుక్కుపోయావు, పాలు తాగావా" అని లోపలినుంచి అమ్మ. తాగానంది. "గ్లాసు నిండానే ఉంది మరి." తాగలేదు. ల్యాబ్ కోసం నత్త తొడలోనుంచి కండ ముక్క తీసినప్పటినుంచీ అమ్మకి ఇదే పని. ముక్క ఎంత, పెసరగింజంత. మత్తు సూది గుచ్చి, ఇంకో లావు సూదితో ఆ గింజంత కండ లాగి, గులాబీరంగు నీళ్ళున్న గొట్టంలో వేస్తే, అది అడుక్కి పోకుండా కాసేపు మధ్యలోనే తిరిగింది. తనలోంచి వచ్చింది తన ఎదురుగా తిరుగుతుంటే నత్తకి కళ్ళు తిప్పుకోవాలనిపించింది, తిప్పుకోలేకపోయింది. ఆ రోజునుంచీ అమ్మ పళ్ళెంలో ఇంకో గరిటె, ఇంకో గుడ్డు. అక్కడ నీ కండ పెరుగుతోంది కదే, ఇక్కడ నువ్వు తినకపోతే దానికి ఎక్కడినుంచి వస్తుంది అంటుంది. అలా కాదమ్మా, దాని తిండి దానికి మేం వేరే పోస్తాం అని అత్త ఎంత చెప్పినా, నాకు తెలీదా అన్నట్టు తల ఊపి మళ్ళీ గరిటె ఎత్తుతుంది. ఒక రాత్రి భోజనాల దగ్గర అత్త, ఇవాళ్టినుంచి కణాలకి తిండి తగ్గించేశాను, ఇక అవి పెరగడం మానేసి కండ కావాలి, కాస్త ఆకలేస్తేనే అవుతాయి అంది. అమ్మ చేతిలో గరిటె గాల్లో ఆగిపోయింది. మర్నాడు పొద్దున్నే నత్త ముందు ఒకటికి రెండు గ్లాసుల పాలు వచ్చి కూర్చున్నాయి.

నవ్వొచ్చింది అప్పుడు. ఇప్పుడు రావడం లేదు. అమ్మ పోసిన పాలన్నీ ఎక్కడికి పోయాయి. తమ్ముడికీ ఇలాగే పోసింది. వాడు చిన్నప్పుడు పరిగెత్తుతూ పరిగెత్తుతూ ఏమీ తగలకుండానే పడేవాడు, అమ్మ నేలను రెండు దెబ్బలు కొట్టి నేలదే తప్పు అనేది. తర్వాత తర్వాత కింద కూర్చుంటే లేవడానికి ముందు మోకాళ్ళు పట్టుకునేవాడు, ఆపైన తొడలు, తన ఒంటిని తనే నిచ్చెనలా ఎక్కి నిలబడేవాడు. ఊళ్ళో బడిపిల్లలు దాన్ని ఒక ఆటగా నేర్చుకున్నారు, వాడితోపాటు నలుగురూ అలాగే లేచేవాళ్ళు, వాడూ నవ్వేవాడు. పెద్దాసుపత్రిలో డాక్టరు ఆ లేవడం ఒక్కసారి చూసి పెన్ను మూసేశాడు. కండలు కరిగిపోయే జబ్బు. అమ్మ వైపునుంచి సగం, నాన్న వైపునుంచి సగం వచ్చి కలిస్తే వస్తుందట, తప్పు ఎవరిదీ కాదట, ఒక పిల్లకి వచ్చి ఒక పిల్లకి రాకపోవచ్చట, కొందరిలో తొందరగా, కొందరిలో ఆలస్యంగా బయటపడుతుందట. రక్తంలో వెతికారు గాని ఏ దోషమో తేలలేదు. రక్తం చెప్పకపోతే ఇద్దరి కండనే అడగాలి అన్నాడు డాక్టరు. వీడి ఒంటికి అక్క ఒళ్ళు సరిపోయింది, కాబట్టి అక్క కండలోని మూలకణాలు తీసి, పెంచి, వీడి చేతిలో పెట్టి చూద్దాం, ముందు ఒక్క చెయ్యి, కుడిది, ఆమెవి బాగుంటేనే సుమా. ఆ మాట విన్న నాన్న డాక్టరు కాళ్ళ మీద పడబోయాడు, అమ్మ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది, అందరూ 'బాగుంటేనే' అన్న మాటని గడప దాటినట్టు దాటుకుని ముందుకెళ్ళిపోయారు. నత్త ఒక్కతే దాని దగ్గర ఆగిపోయింది. ఇప్పటికీ అక్కడే ఉంది.

"నత్తా, అటు చూడు, నాన్న మెట్టు మీద నిద్రపోతున్నాడు" అన్నాడు తమ్ముడు. నిద్ర కాదు, తల వంచుకుని చెప్పు పట్టీతో ఆడుకుంటున్నాడు. "నిద్ర కాదురా." "తెలుసులే. నువ్వు మాట్లాడతావేమోనని అన్నా." వాడి నోటికి ఏ జబ్బూ లేదు. అత్త కణాల సంగతి మొదటిసారి విడమర్చి చెప్పిన రోజు వాడి మాటలకి నాయనమ్మ కూడా పొలమారేలా నవ్వింది. కండని సన్నగా తరిగి, మందు వేసి, కణాలు విడిపోయాక గిన్నెలో పోస్తామని చెప్పింది అత్త. కొన్ని గబగబా వచ్చి అడుగున అంటుకుంటాయి. అవి పీచు కణాలు, మనకి పనికిరావు. ఇంకా అంటుకోకుండా తేలుతున్నవాటిని నీళ్ళతో సహా తీసి ఇంకో గిన్నెలో పోస్తాం. మర్నాడు మళ్ళీ అంతే. అలా గిన్నె తర్వాత గిన్నె మారుస్తూ పోతే, అన్నిటికంటే ఆఖరున, ఇక బతికి లేవేమో అనుకున్నాక, తీరిగ్గా వచ్చి అంటుకునేవి కొన్ని ఉంటాయి, అవే మూలకణాలు, ఏం కావాలో ఇంకా తేల్చుకోనివి, ఒక మందు పోస్తే ఎముక వైపు పోతాయి, ఒకటి పోస్తే కొవ్వు అవుతాయి, ఆకలి పెడితే కండ అవుతాయి. కొత్తగా పనిలో చేరినవాళ్ళు పైన తేలే నీళ్ళే కదా అని వాటిని పారబోసేస్తారు, ఉన్న సిరంతా అందులోనే పోతుంది అంది. "ఆఖరున వచ్చి, ఓ మూల కూర్చుని, ఏం కావాలో తేల్చుకోలేనిదా" అన్నాడు తమ్ముడు, "గిన్నెలెందుకత్తా, మా అక్కని తీసుకెళ్ళి కూర్చోబెట్టు." ఆపైన కాస్త ఆలోచించి, "అవి నాలో పెడితే నేనూ నోరు లేనివాణ్ణయిపోతానేమో, ముందే కనుక్కో" అన్నాడు. ఆ రోజు నత్తకి లోపలెక్కడో పువ్వు విచ్చినట్టయింది. బడిలో, పెళ్ళిళ్ళలో, ఎక్కడా పనికిరాని తన ఆలస్యం ఒక గిన్నెలో పనికొస్తోందని. ఆ సంతోషం తలుచుకుంటే ఇప్పుడు భయం రెట్టింపవుతోంది, ఎందుకంటే ఆ తర్వాత ఆమె చూసింది.

చూసిందా. చూశానని అనుకుంటోందా. అత్త ఒక రోజు నత్తని తనతోపాటు ల్యాబ్‌కి తీసుకెళ్ళింది. సబ్బుతో మోచేతుల దాకా కడుక్కోవాలి, తల మీద గుడ్డ టోపీ, కాళ్ళకి సంచుల్లాంటివి. గది నిండా గాలి హోరు, మందు వాసన, తెల్లని బల్ల. కొత్తగా చేరిన అమ్మాయిని అత్త ఏదో కోప్పడుతోంది. "మూత మీద రాస్తే ఎలాగమ్మా. తిండి పోసేటప్పుడు మూతలు తీస్తావు, మళ్ళీ ఏది దేని మీద పెట్టావో నీకే తెలీదు. మూతకి కాళ్ళుంటాయి. అడుగున రాయాలి, అడుగున." ఆ అమ్మాయి మొహం ముడుచుకుపోతే నత్త ఆమె తరఫున సిగ్గుపడింది. ఆ తర్వాత అత్త వెచ్చని పెట్టె తెరిచి, లోపలి అద్దం తలుపూ తెరిచి, రెండు గిన్నెలు తీసింది. చేతివెడల్పు కూడా లేని పలచని గిన్నెలు. ఒకదాని మూత మీద ఎర్ర గీత, ఒకదాని మూత మీద నీలం గీత. ఎరుపు తమ్ముడిది, వాడే కోరుకున్నాడు. మిగిలిన నీలం తనది. ఎరుపు గీత గిన్నెని అత్త మైక్రోస్కోప్ కింద పెట్టి తను చూసి, చూస్తూ చూస్తూ ఉండిపోయి, ఇటు రా అంది. నత్త కన్ను ఆనించింది. మొదట మంచు, తర్వాత పొడుగు పొడుగు తాళ్ళు, ఒకదాని పక్కన ఒకటి పడుకున్న కణాలు మధ్య గోడలు కరిగిపోయి ఒకటే తాడైనట్టు, ఆ తాడు పొడుగునా పూసల్లా చుక్కలు, చూస్తుండగానే ఒక తాడు చిన్నగా, నిద్రలో పిల్లవాడి వేలు కదిలినట్టు, కదిలింది. ఎవరూ కదపకుండా. "ఇలా ఉండాలి" అంది అత్త. రెండోది పెట్టింది. ఇందులోనూ కణాలు వరసగా పడుకున్నాయి, కాని పడుకున్నాయంతే. పోట్లాడుకుని ఒకే మంచం మీద ఎవరి వైపు వాళ్ళు తిరిగి పడుకున్నవాళ్ళలా, ఎక్కడి గోడలు అక్కడే, ఏదీ దేనిలోనూ కలవలేదు, ఏదీ కదల్లేదు. "ఇది ఎవరిదత్తా" అంది. అత్త గిన్నె మూత వంక చూసింది. చూసి, "మీ తమ్ముడిది" అంది.

మూత మీద ఉన్నది నీలం గీత.

అడగొచ్చు. నోరు తెరిచి, అత్తా ఇది నీలం కదా అని అడగొచ్చు. వేరే పిల్లయితే అడిగేది. అత్త గిన్నెలు రెండూ ఎత్తుతుంటే, ఎత్తు తక్కువ బల్ల మీద కూర్చున్న నత్తకి వాటి అడుగులు కనబడ్డాయి. రెండూ నున్నగా, ఒక్క అక్షరం లేకుండా. లోకానికంతా అడుగున రాయమని చెప్పే అత్త తన ఇంటివాళ్ళ గిన్నెల అడుగున రాయలేదు. తనవాళ్ళవి తను ఎలా మరిచిపోతుంది అనుకుని ఉంటుంది, ఆ రోజు పేర్లు రాయడానికి చెయ్యి రాలేదేమో, సొంత మేనల్లుడి కండ, సొంత మేనకోడలి కండ కత్తెరతో తరిగిన రోజు. మూతల మీద గీతలు గీసి ఊరుకుంది. అంటే మూతలు మారి ఉండొచ్చు. కాళ్ళు వచ్చి ఉండొచ్చు వాటికి. అప్పుడు ఆ కలవనిది తమ్ముడిదే, కదిలిన తాడు తనదే. ఆ కదలిక తనదే అనుకుంటే ఒంట్లో వెచ్చగా అవుతుంది, నా వేలు అది, నా కాలు అది అనిపిస్తుంది. మూతలు మారలేదనుకుంటే, ఎరుపు తమ్ముడిదైతే, వాడి కణాలే బాగున్నట్టు కదా, వాడు కుర్చీలో ఉంటే అది ఎలా కుదురుతుంది. కుదరదు కాబట్టి మారినట్టే. ఇది ఎన్నోసారో ఇలా లెక్క తేల్చుకోవడం, తేలిన ప్రతిసారీ ఇంకో మాట వెనకనుంచి వచ్చి భుజం తడుతుంది. ఆ కదిలే గిన్నె ఇద్దరిదీ కాకపోతే? అత్త ఎప్పుడూ పక్కన పోల్చి చూసుకోవడానికి జబ్బు లేనివాళ్ళెవరివో పెంచుతుంది, మూతలు ఆ గిన్నెలతో కూడా మారి ఉంటే? అప్పుడు కలవనివి రెండు ఉండాలి. రెండోది పెట్టెలో వెనక వరసలో ఉండి ఉంటే? ఆ రోజు అత్త పెట్టె తలుపు ఎప్పటిలాగే వేసింది. అరచెయ్యి వెడల్పుగా ఆనించి, చప్పుడు కాకుండా, లోపలున్నవి ఉలిక్కిపడకుండా. ఆ రాత్రి తింటూ తింటూ, ఎవరితోనూ అననట్టు, "మళ్ళీ పెట్టాలి, కొత్త గిన్నెల్లో" అంది. ఎందుకని ఎవరూ అడగలేదు. అత్త చేసే పనిలో మళ్ళీ మళ్ళీ పెట్టడాలు మామూలే అనుకున్నారు. అలా మళ్ళీ పెట్టినవాటి సంగతి ఇవాళ తేలాలి.

"ఏమే, పాలు తాగకపోతే పోయావు, పైకెళ్ళి తమ్ముడి చొక్కా అయిందేమో కనుక్కునిరా" అంది అమ్మ. లేవాలి. నేల మీదనుంచి లేవాలి. ఎవరూ చూడటం లేదు కదా అని అటూ ఇటూ చూసింది, తమ్ముడు కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు, నాయనమ్మ కళ్ళు మూసుకుంది. చేతులు గాల్లో ఉంచి లేవాలి, దేన్నీ పట్టుకోకుండా. స్నానాల గదిలో రోజూ చేస్తున్న పరీక్షే. కొన్ని రోజులు లేస్తుంది, కొన్ని రోజులు ఎడమ చెయ్యి తనంత తనే మోకాలి మీదికి పోతుంది, వద్దంటే వినదు. లేచింది. చెయ్యి ఆనిందా. ఆనలేదు. కొంచెం ఆనింది, లంగా సర్దుకోవడానికి పోయిందేమో. మెట్లు. కమ్మీ పట్టుకుని ఎక్కడం అందరూ చేసేదే, అమ్మా అలాగే ఎక్కుతుంది, నాన్నా అలాగే. కాని వాళ్ళు పట్టుకుంటారు, తను లాక్కుంటోంది. ఎప్పటినుంచి లాక్కుంటోంది. బడిలో టీచరు పేరు పిలిస్తే అందరికంటే ఆలస్యంగా లేచి నిలబడేది తనే, సిగ్గు అన్నారు. ఆటల గంటలో పుస్తకాలకి కాపలా ఉంటానని చెట్టు కింద కూర్చునేది, సిగ్గు అన్నారు. బల్ల చివర చోటు కోసం అందరికంటే ముందు వెళ్ళేది, లేవడానికి బల్ల అంచు ఉంటుందని. అలా అనుకునే వెళ్ళేదా, అప్పుడు అనుకుందా, ఇప్పుడు అనుకుంటోందా. తన సిగ్గు సిగ్గేనా. ఇన్నేళ్ళూ తన మనసు అనుకున్నది మనసు కాదేమో, కాళ్ళు లోపల్లోపల ఏదో తెలుసుకుని వెనక్కి లాగితే, పాపం మనసు దానికి ఒక పేరు పెట్టుకుని ఊరుకుందేమో. అలాగైతే తను ఎవరు. మెట్ల మలుపులో ఆగిపోయి, గోడకున్న సున్నం గోటితో గీకింది. తెల్లగా రాలింది. కండ ఇలాగే రాలుతుందేమో, చప్పుడు లేకుండా, పైనుంచి గోడ గోడలాగే కనబడుతూ.

దర్జీ మిషను ఆపి కళ్ళజోడు నుదుటి మీదికి తోశాడు. లేతపచ్చ చొక్కా, చేతుల వరకూ అయిపోయింది, ముందు భాగం తెరిచే ఉంది. "ఇదిగో చూడమ్మా, మీ అమ్మేమో హుక్కులు పెట్టమంది, ఎవరైనా తేలిగ్గా తొడగొచ్చని. మీ తమ్ముడేమో నిన్న కింద నుంచి కేకేసి గుండీలే కావాలన్నాడు. చెయ్యి బాగయ్యాక తనే పెట్టుకుంటాడట, హుక్కులైతే ఆ సరదా ఏముంటుందట. వాడి మాట వినాలా, మీ అమ్మ మాట వినాలా?" బల్ల మీద మూతలో గుండీలు పెట్టి ఉన్నాయి. మూతలో. నీలం రంగువి. దేవుడా, అన్ని రంగులుండగా. ఎవరు కోరుకున్నారు ఈ రంగు అని అడగబోయి మానేసింది. వాడే కోరుకుని ఉంటాడు, అక్క రంగని. "కాజాలు కోసేస్తే మళ్ళీ పూడ్చలేను, అందుకని ఆపాను" అన్నాడాయన. కోసేస్తే మళ్ళీ పూడ్చలేడు. "అత్త వచ్చాక చెప్తానండీ" అంది, తన గొంతు తనకే వినబడనంత మెల్లగా. "మీ అత్తకి చొక్కాల సంగతి కూడా తెలుసన్నమాట" అని నవ్వి మళ్ళీ కళ్ళజోడు దించుకున్నాడు.

దిగి వచ్చి మళ్ళీ నేల మీద కూర్చోలేదు, కూర్చుంటే లేవాలి. నాయనమ్మ మంచం పట్టీ మీద ఒరిగింది. "చొక్కా ఏది" అన్నాడు తమ్ముడు. "ఇంకా అవలేదు." "గుండీలే కదా?" ఆమె తలుపు వైపు చూసింది. "నిన్నే నత్తా. గుండీలే కదా?" "ఆ." వాడు ఒళ్ళో ఉన్న కుడిచేతి వేళ్ళని చూసుకున్నాడు, బొటనవేలూ చూపుడువేలూ దగ్గరికి తెచ్చి, గాల్లో లేని గుండీ ఒకటి లేని కాజాలోంచి దూర్చాడు. సగంలో వేళ్ళు జారాయి. "రేపు నీ కణాలొచ్చాక ఇవి సిగ్గుపడి గుండీ దగ్గర ఆగిపోతే మాత్రం ఊరుకోను, చెప్తున్నా" అన్నాడు. నవ్వాలి. నవ్వింది. వాడికి తెలీదు. తెలిసి ఆడుతున్నాడేమో. వాడికి పోయేది ఒక చెయ్యి, వాడికి దొరకబోయే ఒకే ఒక చెయ్యి, అది తన కండలో ఉంది, తన కండలో లేకపోతే ఇంకెక్కడా లేదు. అయినా తను భయపడుతున్నది వాడి కోసమా, నిజం చెప్పుకుంటే, తన కోసమా. కుర్చీ ఇంకోటి పట్టేంత చోటు ఈ హాల్లో ఉందా అని ఇందాక కళ్ళు ఎందుకు కొలిచాయి. ఛీ. వాడు తన మొహమే చూస్తున్నాడు. ఎంతమంది కోసం అమ్మ నేలని కొడుతుంది.

గేటు గొళ్ళెం. నాన్న లేచి నిలబడ్డాడు, చెప్పుల చప్పుడు, తర్వాత అత్త చెప్పుల చప్పుడు. అత్త చేతిలో పొట్లం ఏమీ లేదు. మిఠాయి దుకాణం దారిలోనే ఉంటుంది, తేలేదు. మరిచిపోయి ఉండొచ్చు, ఎండకి తొందరపడి ఉండొచ్చు, మధ్యాహ్నం దుకాణం మూసేస్తారేమో. అత్త ఎవరి వంకా చూడకుండా పెరటి పంపు దగ్గరికి వెళ్ళింది, ఎప్పటిలాగే మోచేతుల దాకా సబ్బు రుద్దుకుంది, కడిగింది, మళ్ళీ రుద్దింది. ఇంట్లో ఎందుకు రెండుసార్లు. ఆ నీళ్ళ చప్పుడు ఎంతసేపటికీ ఆగదు. అమ్మ పొయ్యి ఆపి వచ్చి గుమ్మంలో నిలబడింది, చేతిలో గరిటె అలాగే ఉంది. పైన మిషను కూడా ఆగింది, లేదా ఇంతసేపూ ఆగే ఉందేమో. అత్త తడి చేతులు తుడుచుకోకుండానే లోపలికి వచ్చి, తమ్ముడి తల మీద చెయ్యి పెట్టబోయి, తడి అని గుర్తొచ్చి వెనక్కి తీసుకుంది. "ఏంటత్తా, ఎండలో సెలవిచ్చారా నీ పిల్లలు" అన్నాడు వాడు. "ఆఁ నాన్నా, ఇచ్చారు" అంది. నాన్నతో, "ఒక్కసారి లోపలికి రారా" అంది. అమ్మ వంక చూసి, "నువ్వూ రామ్మా" అంది. ఇద్దరూ చిన్నపిల్లల్లా ఆమె వెనక వెళ్ళారు. అత్త ఇంట్లో గదులకి తలుపులున్నాయన్న సంగతి కూడా ఎవరికీ గుర్తుండదు, ఎప్పుడూ గోడలకి ఆని తెరిచే ఉంటాయి, ఒకదానికి నాయనమ్మ దుప్పటి కూడా ఆరేస్తుంది. అత్త ఆ దుప్పటి తీసి నాన్న చేతికిచ్చింది.

నత్త లేచింది. మంచం పట్టీ మీదనుంచి ఎలా లేచిందో చూసుకోలేదు, హాలు ఎంత దూరమో తెలీలేదు, ఎన్నడూ ఎవరి ముందుకూ తనంత తను వెళ్ళి నిలబడని పిల్ల వెళ్ళి ఆ గుమ్మం ముందు నిలబడింది. లోపల నాన్న దుప్పటి మడత పెడుతున్నాడు, పెట్టిన మడత విప్పి మళ్ళీ పెడుతున్నాడు. అమ్మ కూర్చోలేదు. అత్త తలుపు పట్టుకుని ఉంది.

"అత్తా."

అత్త చూసింది.

"ఈసారి అడుగున రాశావా?"

అత్తకి ముందు అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. ఈ పిల్ల ఆ రోజు గీత చూసిందని, గిన్నె అడుగు చూసిందని, ఇన్నాళ్ళూ ఈ మాట నోట్లో పెట్టుకుని రెండేసి గ్లాసుల పాలు తాగిందని, అన్నీ ఒక్కొక్కటే ఆ మొహం మీదికి వచ్చాయి. అత్త చూపు కిందికి జారింది. నత్త కూడా కిందికి చూసుకుంది. తన ఎడమ చెయ్యి తొడ మీద ఉంది, గట్టిగా ఆనించి.

"రాశాను తల్లీ" అంది అత్త. "అడుగునే రాశాను. నా చేత్తోనే రాశాను."

వెనకనుంచి తమ్ముడు, "ఏంటే, ఏమంటోంది, గట్టిగా చెప్పమను" అంటున్నాడు. అత్త అరచెయ్యి వెడల్పుగా ఆనించి, చప్పుడు కాకుండా, ఎవరూ ఉలిక్కిపడకుండా, తలుపు వేసింది.